ఎగదోయు అనే మాటకు ఇంగ్లీషు

తర్జుమా పనిలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. ఏ నిఘంటువు కొనమంటారు అని అడుగుతారు. ముందు మీ ఇంట్లో పొయ్యి దగ్గర నాలుగు రోజులు కూర్చోండి, తరువాత కొందురుగాని అంటాను. ముసలాయనకు మతి చలించిందనుకుని మర్యాదగా నవ్వి వెళ్లిపోతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. ఒక మనిషిని జైలు గుమ్మం దాకా తీసుకుపోయిన తప్పు మాత్రం ఒక్కటే.

జిల్లా కచేరీలు చిత్తూరు నుంచి వేలూరుకు వచ్చిన కొత్తలో నేను మేజిస్ట్రేటు కోర్టులో తర్జుమా గుమాస్తాగా చేరాను. సాక్షి తెలుగులోనో అరవంలోనో చెప్పింది దొరకు ఇంగ్లీషులో చెప్పాలి, దొర అడిగింది సాక్షికి తిప్పి చెప్పాలి. మా ప్రాంతం తెలుగు సంగతి మీకు తెలిసిందే. వాక్యం తెలుగులో బయలుదేరి అరవంలో ఇల్లు చేరుతుంది. మాట్లాడేవాళ్లలో చాలామందికి తెలుగు అక్షరం రాదు, ఉత్తరం రాయాల్సి వస్తే అరవంలో రాయించుకుంటారు. నేను మాత్రం రెండూ చదువుకున్నాను, పైగా ఇంగ్లీషులో మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ వయసులో నాకు అంతకంటే ప్రమాదకరమైన గుణం ఇంకొకటి లేదు.

కోట లోపల, కందకం వైపు కిటికీలున్న పొడుగాటి గది మాది. ఎండాకాలంలో నీళ్ల వాసన, వానాకాలంలో పాత కాగితాల వాసన. నా పై అధికారి హెడ్ గుమాస్తాగారు అరక్కోణం వైపు తెలుగువారు. నల్లకోటు మెడ దాకా బిగించుకుని, చేతిలో గుండ్రటి రూళ్లకర్ర పట్టుకుని తిరిగేవారు. దానితోనే గీతలు గీసేవారు, ఈగల్ని తోలేవారు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూపించేవారు. ఆయన మెచ్చుకోగా నేను విన్నది లేదు. అయినా ఆయన సెలవు పెట్టిన రోజున మాకెవరికీ పని సాగేది కాదు.

చేరిన రెండో నెలలోనే నేను పరువు పోగొట్టుకున్నాను. ఒక పెండ్లి తగాదాలో సాక్షి, వాళ్లమ్మ ఆ సంబంధం చేసుకోమని ఏడాదిగా పోరు పెడుతోందని చెప్పాడు. పోరు అంటే యుద్ధం కదా అని, తల్లి కొడుకు మీద ఏడాదిగా యుద్ధం చేస్తోందని నేను ఇంగ్లీషులో చెప్పాను. దొర పెన్ను ఆపి, ఏ ఆయుధంతో అని అడిగాడు. నేను ఆ ప్రశ్నను శ్రద్ధగా సాక్షికి తర్జుమా చేశాను. సాక్షి కాస్త ఆలోచించి, నోటితో సామీ అన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది. హెడ్ గుమాస్తాగారు మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఒక నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద వేశారు. మనిషిని మనిషి ఒక పనికి తోసే మాటలే కోర్టుకు ప్రాణం, అవి నీకు రావు, రాసుకో అన్నారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆస్క్ అంటే అడుగు, రిక్వెస్ట్ అంటే వేడుకొను, కోక్స్ అంటే బుజ్జగించు, పర్సుయేడ్ అంటే నచ్చజెప్పి ఒప్పించు, ఎన్‌కరేజ్ అంటే ధైర్యం చెప్పు, అర్జ్ అంటే తొందరపెట్టు, ప్రెస్ అంటే బలవంతపెట్టు, గోడ్ అంటే ముల్లుగర్రతో పొడుచు, ఇన్‌సైట్ అంటే రెచ్చగొట్టు, ఇన్‌స్టిగేట్ అంటే ఉసిగొల్పు. ఇది నిచ్చెన అప్పా అన్నారాయన. కింది మెట్ల మీద ఉన్నంతసేపు అది ఇంటి వ్యవహారం, పై మెట్లు ఎక్కితే పీనల్ కోడు. ఆ రెంటికీ మధ్య ఇంకో మెట్టు ఉందని, అది ఎగ్ ఆన్ అని చెప్పారు. గుడ్డుకూ దీనికీ ఏం సంబంధమండీ అని అడిగాను. ఆయన రూళ్లకర్రతో నా బల్ల మీద తట్టి ఇలా అన్నారు.

"గుడ్డు సంగతి నీకెందుకప్పా, నువ్వు తినేదా పెట్టేదా? ఎగ్ ఆన్ అంటే ఎగదోయడం. ఎగ, ఎగ. రెండూ ఒకే మాదిరి మొదలవతాయి. చచ్చేదాకా మరిచిపోవు."

ఆ మాట అక్షరాలా నిజమైంది.

ఏడాది తిరిగేసరికి ఆ నోటుబుక్కు నాకు కంఠస్థం. సాక్షి నోట్లో మాట పూర్తి కాకముందే నా నోట్లోంచి ఇంగ్లీషు వచ్చేది. దొర ఒకసారి ఆ పుస్తకం అడిగి తీసుకుని, తిరగేసి, నిచ్చెన బాగుందని నవ్వాడు. నేను పొంగిపోయాను. సరిగ్గా అప్పుడే గుడియాత్తం కేసు వచ్చింది.

గుడియాత్తంలో నేతగాళ్ల వీధి చివర అద్దకం కొట్టం ఉండేది. దాని పెద్ద ఒక ముసలాయన. ఆ వీధి మగ్గాలన్నింటికీ ఎర్రనూలు ఆయన కాగులోంచే రావాలి. నూలు అద్దేటప్పుడు కాగు కింద మంట ఒకే తీరుగా ఉండాలి, తగ్గితే రంగు మచ్చలు పడుతుంది. ఒక ఉదయం ఒక వర్తకుడి గుమాస్తా ఆ కొట్టానికి వచ్చి, మీ ఎరుపు నిలవడం లేదని గొడవ పెట్టుకున్నాడు. మాట మాట పెరిగి, ఆరబోసిన నూలు చిలపలు, కట్టలకు కట్టలు, లాగి బురదలో వేసి చెప్పుకాలితో తొక్కాడు. నేతగాళ్లు మగ్గానికి మొక్కి పనిలో కూర్చునేవాళ్లు. వాళ్ల కళ్లముందు నూలును తొక్కితే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. నలుగురు పడుచువాళ్లు అతని మీద పడ్డారు. గుమాస్తా చెయ్యి విరిగింది.

కొట్టిన నలుగురూ కొట్టామని ఒప్పుకున్నారు. పోలీసులు మాత్రం ఐదో ముద్దాయిగా ముసలాయన్ను చేర్చారు. ఆయనే ఉసిగొల్పి కొట్టించాడని గుమాస్తా ఫిర్యాదు. నలుగురికీ ఏదో చిన్న శిక్షతో పోతుంది. వయసులో పెద్ద, మాట చెల్లే మనిషి, అలాంటివాడు కొట్టించాడని తేలితే జైలు తప్పదు. ఆ ఉబ్బసపు ఊపిరితో ఆయన జైలునుంచి తిరిగి వస్తాడని ఎవరికీ నమ్మకం లేదు. వాళ్లకు వకీలు కూడా లేడు. కొట్లాటను కళ్లారా చూసి, ఏ పక్కా కొట్లాడని మనిషి ఒక్కతే ఉంది. ఆమె ముసలాయన కోడలు, ఆ ఉదయం కొట్టానికి నీళ్లు మోస్తోంది.

విచారణకు దొర గుడియాత్తంలోనే మకాం వేశాడు. కాట్పాడి దాకా జట్కా, అక్కడి నుంచి రైలు, స్టేషను నుంచి ఊళ్లోకి మళ్లీ జట్కా. ఏటి ఒడ్డున ఉతికి ఆరేసిన నూలు, పాయలో పారుతున్న ఎర్రనీళ్లు, వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. హెడ్ గుమాస్తాగారు జట్కాలో కూర్చుని, ఈ ఊళ్లో పుట్టి ఉంటే నేను కూడా ఒక పనికొచ్చే పని నేర్చుకుని ఉందును అన్నారు. అలాంటి మాట ఆయన నోట నేను విన్నది అదొక్కసారే.

బంగళా వరండాలో కోర్టు. కోడలు కొంగు భుజం నిండా కప్పుకుని వచ్చి నిలబడింది. ఇరవై దాటి ఉండదు. అరవం వచ్చినా భయానికి ఇంటి తెలుగే వచ్చింది. నీ మామ ఆ సమయంలో ఏం చేస్తున్నాడో చెప్పు అని అడిగాను. ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ ఆ గొంతుతోనే వినపడుతుంది.

"అందురూ కొట్టుకుంటా ఉండారు సామీ. మా మామ మాత్రం ఎగదోస్తానే ఉండినాడు."

ఎగ, ఎగ. నా నోరు ఆగలేదు. అందరూ కొట్టుకుంటున్నారు, నా మామ వాళ్లను ఎగ్ ఆన్ చేస్తూనే ఉన్నాడు అని ఇంగ్లీషులో చెప్పేశాను. ఆమె వాళ్లను అనలేదు. అది నేను చేర్చింది. ఆమె మాత్రం అన్నది. ఆ మాటకు నా వాక్యంలో చోటు దొరకలేదు కాబట్టి వదిలేశాను. దొర కనుబొమలు పైకెత్తి, ఇన్‌స్టిగేటెడ్ అని రాసుకున్నాడు. ఒక్క నిమిషంలో ఆ ముసలాయన నా నిచ్చెన మీద పై మెట్టుకు ఎక్కిపోయాడు.

వాంగ్మూలం సాక్షికి ఆమె భాషలో చదివి వినిపించాలన్నది నియమం. ఇలాంటి తప్పులు పట్టుకోవడానికే ఆ నియమం. నేను చదివాను. అందరూ కొట్టుకుంటా ఉంటే నీ మామ ఎగదోస్తానే ఉండినాడని చెప్పినావు, నిజమేనా అన్నాను. ఔను సామీ, నిజమే అని ఆమె కళ్లు మెరుస్తుండగా వేలిముద్ర వేసింది. మామను కాపాడానన్న సంతోషం అది. పోలీసుల తరఫున వాదించే కోర్టు ఇన్స్పెక్టరు లేచి, సొంత కోడలే ఒప్పుకున్న తరువాత ఇంకేం కావాలని ఇంగ్లీషులో ముగించాడు. దాన్ని వాళ్లకు తర్జుమా చెయ్యమని నన్నెవరూ అడగలేదు.

తీర్పు పది రోజుల తరువాత, వేలూరులో. ఆ ఉదయం జల్లు పడింది, కట్టెలు తడిసి పొయ్యి పొగ కక్కుతోంది. నేను కోటు వేసుకుని పలహారం కోసం వంటింటి గడపలో నిలబడ్డాను. మా ఇంటావిడ రెండు చేతులూ పిండిలో పెట్టి, తల తిప్పకుండానే అంది.

"ఇదో, ఆ కట్టె రవ్వంత ఎగదోయండి. ఆరిపోతా ఉండాది."

వంగి కట్టె ముందుకు తోశాను. మంట లేచింది. చెయ్యి కట్టె మీదే ఉండిపోయింది. అందరూ కొట్టుకుంటా ఉండారు, మా మామ మాత్రం ఎగదోస్తానే ఉండినాడు. కాగు కింద మంట తగ్గితే రంగు మచ్చలు పడుతుంది. ఆ అమ్మాయి తన మామ పొయ్యి వదిలి కదలలేదని చెప్పింది, నేను ఆయనే కొట్టించాడని చెప్పాను. పుట్టినప్పటి నుంచి మా అమ్మ నోట, ఆ తరువాత ఈమె నోట రోజూ విన్న మాట. కోర్టులో నిలబడేసరికి నాకు ఇంటి తెలుగు గుర్తు లేకుండా పోయింది. తినకుండానే బయటపడ్డాను.

కచేరీలో హెడ్ గుమాస్తాగారికి అంతా చెప్పాను. ఆయన గొంతు తగ్గించి, చదివి వినిపించినావు, వేలిముద్ర పడింది, ఇంక అది నీ మాట కాదు, ఆమె మాట అన్నారు. దొర తీర్పు రాసేసి ఉంటాడు, ఇప్పుడు లేచి నిలబడితే ముందు నీ ఉద్యోగం పోతుంది, ఇద్దరు బిడ్డల తండ్రివి, నోరు మూసుకుని కూర్చో అన్నారు. ఆయన ముఖం చూస్తే నాకంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నట్టు అనిపించింది. ఎగ్ ఆన్ అంటే ఎగదోయడమని చెప్పింది ఆయనే కదా.

ఆయన మాట పట్టుకుని వరండాలోకి వచ్చాను. అక్కడ ఆ కోడలు స్తంభానికి ఆనుకుని ఒంటరిగా నిలబడి ఉంది. వాళ్ల మనుషులు దూరంగా వేరే గుంపుగా కూర్చున్నారు. ఇంగ్లీషు ముక్కలు తెలిసిన ఒక జవాను, కోడలి సాక్ష్యంతోనే ముసలాయన మీద నేరం రుజువైందని వాళ్లకు చెప్పాడట. అప్పటి నుంచి అత్త ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదట. ఆమె నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

"నాయనా, నువ్వే కదా దొరకు చెప్పినావు. నేను చెప్పిన మాట యాడ తప్పింది? చూసినదే కదా చెప్పినాను."

వెనక ఎవరో దగ్గితే తిరిగి చూశాను. హెడ్ గుమాస్తాగారు తలుపు దగ్గర రూళ్లకర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి అక్కడున్నారో తెలియదు. లోపలికి వెళ్లిపోయారు.

దొర వచ్చాడు, కాగితాలు విప్పాడు. ముసలాయన బోనులో కడ్డీ పట్టుకుని ఆయాసపడుతున్నాడు. గోళ్ల సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు. నేను లేవాలనుకున్నాను. ఇప్పుడు లేస్తాను, ఈ పేజీ తిప్పగానే లేస్తాను అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నిచ్చెనలోని మాటలన్నీ, ఆస్క్ నుంచి ప్రెస్ దాకా, నా మీదే వాడుకున్నాను. ఒక్కటీ పనిచెయ్యలేదు. దొర గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు నా వీపులో, సరిగ్గా వెన్నెముక పక్కన, ఏదో గట్టిగా పొడుచుకుంది. ఎగిరి లేచి నిలబడ్డాను.

లేచాక కూర్చోవడానికి వీలు లేదు. దొరగారు మన్నించాలి, ఐదో ముద్దాయి కోడలు చెప్పిన మాటను నేను తప్పుగా తర్జుమా చేశాను, ఆమెను మళ్లీ పిలిపించి అడగాలి అన్నాను. ఇన్స్పెక్టరు గొణిగాడు. దొర తీర్పు కాగితం కింద పెట్టి నన్ను తేరిపార చూశాడు. నీ నిచ్చెన ప్రకారం నీవిప్పుడు చేస్తున్నదేమిటి, రిక్వెస్టా, అర్జా, ప్రెస్సా అని అడిగాడు. కోపమో వెటకారమో తెలియలేదు. ఇవేవీ కాదు, తప్పు ఒప్పుకుంటున్నాను అన్నాను. ఆ మాట చెబుతున్నప్పుడు నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

ఆమెను పిలిచారు. నన్ను నోరు తెరవద్దన్నాడు దొర. ఉద్యోగ పరీక్ష కోసం నేర్చుకున్న అరవంలో తానే ఆమెతో, మాట వద్దు, నీ మామ ఏం చేశాడో చేతితో చూపించు అన్నాడు. ఆమె చుట్టూ చూసింది. కట్టె లేదే సామీ అంది. హెడ్ గుమాస్తాగారు ముందుకు వచ్చి తన రూళ్లకర్ర ఆమె చేతిలో పెట్టారు. ఆ కర్రను ఆయన ఇంకొకరి చేతికి ఇవ్వడం మేమెవరం అంతకుముందు చూడలేదు. ఆమె దొర బల్ల ముందు గొంతుక్కూర్చుంది. పొగ తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని, కళ్లు చిట్లించి, కర్రను బల్ల కిందికి మెల్లగా తోసింది. కాస్త వెనక్కి లాగి మళ్లీ తోసింది. దొర బూట్లు రెండూ వెనక్కి తీసుకున్నాడు.

కొట్లాట ఎక్కడ జరుగుతోందని అడిగాడు. ఆమె తిరిగి చూడకుండానే బొటనవేలితో తన వీపు వెనక చూపించింది.

దొర తీర్పు కాగితాల్లోంచి ఒకదాన్ని తీసి నిదానంగా రెండుగా చించాడు. నలుగురికీ చిన్న శిక్షలు పడ్డాయి, ముసలాయన్ను విడిచిపెట్టారు. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఉద్యోగం పోలేదు గాని పై మెట్టు చేరడానికి చాలా ఏళ్లు ఆలస్యమైంది. నిచ్చెన రాసినవాడికి ఆ శిక్ష తగినదేనని నేను ఒప్పుకుంటాను.

వరండాలో ముసలాయన నా ముందు ఆగాడు. దండం పెడతాడేమో, నేనే ముందు పెట్టాలి అనుకుంటున్నాను. ఆయన ఆయాసం తీర్చుకుని అడిగింది వేరు.

"ఆ పొద్దు కాగులో నూలు రవ్వంత కూడా చెడలేదప్పా. ఎరుపు బాగా దిగినాది. దొరకు అది చెప్పినావా?"

చెప్పలేదన్నాను. చెప్పుండాల్సింది అన్నట్టు తల ఊపి, కోడలి వైపు చూసి, పా అమ్మా, ఇంటికి పోదాము, పొయ్యి రాజెయ్యాల అన్నాడు. అందరికీ వినపడేటట్టు అన్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఆయన వెనకే కోట వాకిలి దాటింది. ఉద్యోగంలో నేను చూసిన తీర్పుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

హెడ్ గుమాస్తాగారు పింఛను తీసుకునే రోజున ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నన్ను పొడిచింది మీరే కదా అని. ఆయన కోటు గుండీలు సవరించుకుంటూ, రూళ్లకర్ర చేతిలోంచి జారినాది అప్పా అన్నారు. గుండ్రటి కర్ర జారితే కిందికి పోతుంది గాని ముందుకు ఎట్లా పోతుందని నేను అడగలేదు. నా నోటుబుక్కు ఒకసారి అడిగి తీసుకుని, ఎగ్ ఆన్ అన్నది కొట్టేసి, ఎగదోయు అన్న మాట పక్కన తన ముత్యాల్లాంటి దస్తూరితో ఇలా రాసిచ్చారు: ఏ పొయ్యి అని సాక్షిని అడిగిన తరువాతనే.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆయన పోయాక దానిలో నేను చేర్చింది ఒక్క ముక్కే. గోడ్ అన్నదానికి ఎదురుగా ముల్లుగర్రతో పొడుచు అని ఉంటుంది. దాని పక్కన, లేక రూళ్లకర్రతో, అని రాసి పెట్టుకున్నాను.